వార్తల్లో పదం: అలల నమూనా

సముద్రంలో వేటకు వెళ్లే వాళ్లకు ‘అలలు ఇన్ని మీటర్లు లేస్తాయి’ అని ముందే చెప్పగలగడానికి ఆధారం అలల నమూనా. అంటే సముద్రం కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టడం. మన దేశంలో ఈ అంచనాలు ఇచ్చేది 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సంస్థ. అది ఉన్నది హైదరాబాద్‌లో.

నమూనా సిద్ధం చేయడంలో అసలు కష్టం లోతుల దగ్గరే. తీరాన్ని గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ లోతు ఇవ్వాలి. అల ఎత్తు, అక్కడి లోతులో సుమారు 0.78 వంతుకు చేరితే విరిగిపడుతుంది. 2 మీటర్ల అల దాదాపు రెండున్నర మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. తుపాను తర్వాత ఇసుక మేటలు జరిగిపోయినా పాత లోతులే వాడితే, అల విరిగే చోటే తప్పుగా వస్తుంది. అందుకే కొత్త లోతు సర్వేలకు డబ్బు పెట్టడం దండగ కాదు.

ఆపై గాలి వేగం, దిశ, బయటి సముద్రం నుంచి వచ్చే అలల వివరాలు అందిస్తారు. లోసముద్రానికి వేవ్‌వాచ్, తీరానికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన స్వాన్ అనే నమూనాలు వాడతారు. ఫలితాన్ని నీటిపై తేలే బోయాల కొలతలతో సరిచూస్తారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. అంచనాలో చెప్పే ఎత్తు, అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. 2 మీటర్లన్న రోజున 3 మీటర్లు దాటే అల కూడా రావచ్చు. చిన్న బోట్లకు ప్రమాదం దానితోనే.