పక్కు కింది ఎరుపు

ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఉలి చప్పుడు వినని రోజుండదు. రాతిలోంచి దేవుడి ముక్కూ పెదవీ మెల్లగా తేలుతుంటాయి. సుత్తి గురి తప్పితే మాత్రం దెబ్బ ఉలి పట్టిన చేతికే. రక్తం ఆగి, పక్కు కడుతుంది. నాలుగైదు రోజులకు ఆ పక్కు ఊడొస్తే అడుగున ఎర్రగా, తడిగా, రవ్వరవ్వగా కొత్త కండ కనిపిస్తుంది. వేలు తగిలితే చాలు, రక్తం ఊరుతుంది. ఆ ఎరుపంతా కొత్తగా పుట్టిన సన్నటి రక్తనాళాలదే.

వాటిని పుట్టించడంలో పెద్ద చెయ్యి, క్రిములతో పోరాడటానికి వచ్చిన రక్షణ కణాలదే. గాయంలో చేరిన మాక్రోఫేజులనే ఆ కణాలు చెత్తను మింగుతూనే సైటోకైన్లనే చిన్న ప్రొటీన్లను వదులుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-8 తెల్లకణాలను పిలుస్తుందని ముందే తెలుసు. అది రక్తనాళాలను కూడా మొలిపిస్తుందని 1992లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. ఆక్సిజన్ అందని కణాలు వీఈజీఎఫ్ అనే మరో ప్రొటీన్‌ను వదులుతాయి. పక్కనున్న నాళం గోడలో ఒక కణం ఆ జాడ పట్టి, వేళ్లు చాచి పాకుతుంది. వెనకున్న కణాలు రెండింతలవుతూ గొట్టం కడతాయి. కేసీ కాలువ నుంచి ఎండిన మడికి పిల్లకాలువ తీసినట్టే.

తీసిన కాలువను ఆపడం అంతకన్నా గొప్ప పని. ఇంటర్‌ల్యూకిన్-8 కుటుంబానిదే ఐపీ-10 అనే ప్రొటీన్. ఇంటర్‌ఫెరాన్-గామా అనే మరో సైటోకైన్ ప్రేరణతో తయారై నాళాల పెరుగుదలకు అడ్డం పడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-8లో గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసిన్, ఆర్జినిన్ ఒకచోట వరసగా ఉంటాయి; ఐపీ-10లో ఆ వరస లేదు. మూడు అమైనో ఆమ్లాల దగ్గర ఇంత తేడా! గాయం మానాక అక్కర తీరిన నాళాలు మూసుకుపోతాయి, ఎరుపు వెలిసిపోతుంది.

షుగర్ జబ్బులో ఈ లెక్కంతా తప్పుతుంది. కాలి పుండులో మాక్రోఫేజులు వాపు దశలోనే ఇరుక్కుంటాయి, కొత్త నాళాలు చాలినన్ని రావు, పుండు మానదు. అదే మనిషి రెటీనాలో వీఈజీఎఫ్ పెరిగి అక్కర్లేని నాళాలు మొలుస్తాయి. అవి బలహీనమైనవి, చిట్లి చూపు తీస్తాయి. ఒకే ఒంట్లో కాలికి కరువు, కంటికి వరద. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు, లేజర్ ఉన్నాయి గాని, చిట్లకముందే వెళితేనే మేలు ఎక్కువ.

నంద్యాలలో ఉన్నా, ఆళ్లగడ్డలో ఉన్నా, షుగర్ ఉన్నవాళ్లకు నా మనవి: చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. పుండు కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి.