టీవీ కింద కంప్యూటర్: కన్సోల్‌కు దీటు కాగలదా?

వీడియో గేమ్ కన్సోల్ అనేది టీవీకి తగిలించి ఆటలు ఆడుకోవడానికే ప్రత్యేకంగా తయారుచేసిన కంప్యూటర్. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ ఈ కోవలోనివి. గేమింగ్ పీసీ చదువుకూ ఉద్యోగానికీ పనికివచ్చే మామూలు కంప్యూటరే అయినా, తెరపై దృశ్యాలను వేగంగా గీయగల గ్రాఫిక్స్ కార్డును అదనంగా అమర్చుకుని ఆటలకు అనువుగా తయారైన యంత్రం. మొదటిది హాలులో టీవీ కింద ఉంటుంది, రెండోది లోపలి గదిలో బల్ల మీద ఉంటుంది. అందరి ఇళ్ళలోనూ ఒకే కొలతలతో, ఒకే విడిభాగాలతో ఉండే గేమింగ్ పీసీని ఆ బల్ల మీది నుంచి టీవీ కిందికి తీసుకువస్తే అది కన్సోల్‌తో పోటీ పడగలదా అన్న ప్రశ్న సుమారు నలభై ఏళ్ళుగా పరిశ్రమలో నలుగుతూనే ఉంది. అనకాపల్లి వంటి పట్టణం నుంచి చూసినప్పుడు ఈ ప్రశ్నకు అమెరికాలోనో జపాన్‌లోనో దొరికిన జవాబు సరిపోదు; ఇక్కడి ఇళ్ళలో కంప్యూటర్ కొనే కారణాలు వేరు, దాన్ని బాగుచేసే మనుషులు వేరు, దానిపై పడే సుంకం కూడా వేరు.

లోపలి యంత్రం విషయంలో కన్సోల్‌కూ పీసీకీ ఇప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదని ముందుగా గుర్తించాలి. 2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన తొలి ఎక్స్‌బాక్స్‌లో ఇంటెల్ తయారుచేసిన 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పు, 64 మెగాబైట్ల మెమరీ, ఒక హార్డ్ డిస్కు ఉండేవి. అంటే ఆ కాలపు కంప్యూటర్ దుకాణంలో దొరికే సామగ్రికి దగ్గరి బంధువులే నల్లటి పెట్టెలో చేరాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటికీ ఏఎండీ సంస్థే ప్రధాన చిప్పును సమకూర్చింది, అవి రెండూ పీసీల ప్రాసెసర్లు అర్థం చేసుకునే ఆదేశాల భాషనే వాడాయి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలు కూడా అదే దారిలో నడిచాయి.

అయినా కన్సోల్ కన్సోల్‌గానే మిగిలిందంటే, దానికి కారణం ఆ పెట్టె వెనుక ఉన్న పూచీ. ఒకసారి విడుదలైన కన్సోల్ ఆరేడేళ్ళ పాటు మౌలికంగా మారదు. ఆటను రూపొందించే వారికి తమ ఆట ఏ చిప్పు మీద, ఎంత మెమరీతో నడుస్తుందో ముందే తెలుసు కనుక, ఆ హద్దులకు లోబడి యంత్రం నుంచి చివరి బొట్టు వరకు పిండుకోగలుగుతారు. ఇందుకు ఒక చిన్న ఉదాహరణ చాలు. ఆటలోని వెలుగునీడలను లెక్కగట్టే చిట్టి ప్రోగ్రాములను షేడర్లు అంటారు. వాటిని ఆయా గ్రాఫిక్స్ చిప్పుకు అర్థమయ్యే రూపంలోకి ముందుగా మార్చాలి. కన్సోల్‌లో చిప్పు ఒక్కటే కాబట్టి ఆ పనిని ఆట తయారైన చోటే ముగించి పంపుతారు. పీసీలో ఏ ఇంట్లో ఏ కార్డు ఉందో తెలియదు కాబట్టి ఆ మార్పిడి కొన్న వారి ఇంట్లోనే జరుగుతుంది, అందువల్లనే ఖరీదైన పీసీలో సైతం కొత్త ఆట మొదట్లో క్షణంపాటు ఆగి ఆగి నడవడం కనిపిస్తుంది.

పూచీకి రెండో పార్శ్వం ధర. కన్సోల్ తయారీదారు పెట్టెను లాభానికి అమ్మవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆ పెట్టెలో నడిచే ప్రతి ఆట అమ్మకంలోనూ అతనికి వాటా వస్తుంది. 2021లో అమెరికాలో ఎపిక్, యాపిల్ సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో సాక్ష్యమిచ్చిన మైక్రోసాఫ్ట్ అధికారిణి, ఎక్స్‌బాక్స్ పెట్టెల అమ్మకంపై తమ సంస్థకు లాభం లేదని న్యాయస్థానానికే చెప్పారు. విడిభాగాలన్నీ విడివిడిగా కొని కూర్చే పీసీలో ప్రాసెసర్ తయారీదారు, బోర్డు తయారీదారు, దుకాణదారు ఎవరి లాభం వారు తీసుకుంటారు కాబట్టి, అదే శక్తి గల యంత్రం పీసీ రూపంలో ఎక్కువ ఖరీదు అవుతుంది.

తెలుగు పట్టణాల్లో కంప్యూటర్ సంస్కృతి ఈ రెండో పద్ధతిలోనే ఎదిగింది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం నోట సీటీసీ, బోర్డు ఒక దుకాణంలో, మెమరీ మరో దుకాణంలో బేరమాడి కొని, అక్కడే ఒక కుర్రవాడి చేత బిగించుకుని ఇంటికి తెచ్చుకునే అలవాటును రెండు మూడు తరాల విద్యార్థులకు నేర్పింది. ఇలా కూర్చిన యంత్రాన్ని అసెంబుల్డ్ సిస్టమ్ అంటారు, దాని పెట్టెను సీపీయూ అంటారు. ఈ పద్ధతిలో సొగసు ఉంది: ఈ ఏడాది డబ్బు ఉన్నంతవరకు కొని, వచ్చే ఏడాది మెమరీ పెంచుకోవచ్చు, పాడైన భాగాన్నే మార్చుకోవచ్చు. మధ్యతరగతి ఇంటికి కంప్యూటర్‌ను చేరువ చేసింది ఈ సౌలభ్యమే, దాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం. కానీ ప్రమాణీకరణకు, అంటే అందరి యంత్రాలూ ఒకేలా ఉండాలన్న నియమానికి, ఇది పూర్తిగా ఎదురు దిశ. ఏ రెండు ఇళ్ళ సీపీయూలూ ఒకటి కానప్పుడు, ఫలానా ఆట ఇందులో నడుస్తుందా అన్న ప్రశ్నకు దుకాణదారు కూడా నికరంగా జవాబు చెప్పలేడు.

ప్రమాణ యంత్రాన్ని సాధించాలన్న ప్రయత్నాలు లోకంలో తక్కువేమీ జరగలేదు. 1983లో కజుహికో నిషి చొరవతో జపాన్‌లో ఆస్కీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఎమ్మెస్సెక్స్ అనే గృహ కంప్యూటర్ ప్రమాణాన్ని ప్రకటించగా, సోనీ, పానాసోనిక్, యమహా, ఫిలిప్స్ వంటి సంస్థలు దాని ప్రకారం యంత్రాలు తయారుచేశాయి. ఏ సంస్థ యంత్రం కొన్నా ఒకే క్యాసెట్ నడిచేది. అదే ఏడాది నింటెండో ఫ్యామికామ్ అనే కన్సోల్‌ను విడుదల చేసింది. జపాన్ ఇళ్ళలో గెలిచింది ఫ్యామికామే. దాని నకళ్ళే తర్వాతి కాలంలో భారతదేశపు బజార్లకు వచ్చి, 1990లలో తెలుగు ఇళ్ళలో పసుపు రంగు క్యాసెట్లతో నడిచిన వీడియో గేమ్ పెట్టెలయ్యాయి. ట్రిప్ హాకిన్స్ స్థాపించిన త్రీడీవో సంస్థ 1993లో ఇదే ఆలోచనను మళ్ళీ ముందుకు తెచ్చింది: ప్రమాణం తనది, తయారీ పానాసోనిక్, గోల్డ్‌స్టార్, సాన్యో వంటి వారిది. ఆటల మీద వచ్చే వాటా త్రీడీవోకు పోయేది కనుక, పెట్టెను తయారుచేసినవారు తమ లాభాన్ని పెట్టె మీదనే చూసుకోవలసి వచ్చింది, తత్ఫలితంగా తొలి యంత్రం 700 డాలర్ల ధరతో బజారుకు వచ్చి కొనేవారు లేక చతికిలబడింది. 2015 నవంబరులో, పీసీ ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ ప్రేరణతో వచ్చిన స్టీమ్ మెషీన్లలో ప్రమాణం పేరుకే మిగిలింది. ఒక్కో తయారీదారు ఒక్కో శక్తితో, ఒక్కో ధరతో పెట్టెలు చేశాడు. వాటిలోని లినక్స్ ఆధారిత వ్యవస్థలో విండోస్ కోసం రాసిన ఆటల్లో అత్యధికం నడవనే లేదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఇటువంటి ప్రయత్నంతో పరిచయం ఉంది, అది ఆటల పేరుతో రాలేదు కాబట్టి ఎవరూ ఈ కోణంలో చూడలేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఏపీ ఫైబర్‌నెట్ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడి సచివాలయంలో ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ ఛానళ్ళు, ఇంటర్నెట్, టెలిఫోన్ మూడింటినీ ఒకే తీగ మీద ఇంటికి అందించడం దాని ఉద్దేశం. తీగను భూమి తవ్వి వేయకుండా విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. నిర్వహణ కేంద్రాన్ని విశాఖపట్నంలో నెలకొల్పారు. అప్పటికి విశాఖ జిల్లాలోనే ఉన్న అనకాపల్లి ఆ కేంద్రానికి అంత దూరమేమీ కాదు. ఆ తీగతో పాటు ఇంటింటికీ చేరిన సెట్‌టాప్ పెట్టె టీవీని ఇంటర్నెట్‌కు కలిపే చిన్న కంప్యూటరే, పైగా దాన్ని సంస్థే ఎంపిక చేసి సరఫరా చేసింది. ఒక్కటే ప్రమాణం, ఒక్కటే సరఫరాదారు, హాలులో టీవీ కింద చోటు. సిద్ధాంతంలో వాల్వ్ కోరుకున్నదీ ఇదే.

ఆ అనుభవం నుంచి గ్రహించదగిన విషయం సాంకేతికమైనది కాదు. ఇంటికి వచ్చి పెట్టెను బిగించినదీ, పని చేయకపోతే మళ్ళీ వచ్చి చూసినదీ అదే వీధిలోని కేబుల్ ఆపరేటర్. గోడ మీది తీగ ఎక్కడ తెగిందో, ఏ ఇంట్లో వోల్టేజీ పడిపోతుందో అతనికి తెలుసు. అనకాపల్లిలో బెల్లం వర్తకుడి ఇంటికైనా, పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు ముగించుకుని వచ్చే ఉద్యోగి ఇంటికైనా ఖరీదైన ఆట యంత్రం కొనేటప్పుడు మొదట మెదిలే సందేహం దాని శక్తి గురించి కాదు, పాడైతే ఎవరికి చెప్పుకోవాలన్నదే. అసెంబుల్డ్ సిస్టమ్‌కు ఆ జవాబు పట్టణంలోనే ఉంది. కన్సోల్‌ను విశాఖపట్నం పట్టుకువెళ్ళాలి, ఒక్కోసారి అక్కడి నుంచి మరో నగరానికి పంపాలి. ప్రమాణ పీసీ ఈ రెండింటి మధ్య నిలబడగలిగితే, అంటే మెమరీ, డిస్కు, ఫ్యాను వంటివి ఊళ్ళోనే మార్చుకోవడానికి వీలుగా ఉండి, ఆటల విషయంలో మాత్రం కన్సోల్ అంత నికరంగా ఉంటే, దానికి తెలుగు పట్టణాల్లో దక్కే ఆదరణ అమెరికాలో కంటే ఎక్కువే కావచ్చు.

అటువంటి యంత్రం ఇప్పుడు ఊహకు అందనిదేమీ కాదు. తొలి ఓటమి తర్వాత వాల్వ్ చేసిన అసలైన పని ప్రోటాన్. విండోస్ కోసం రాసిన ఆట అడిగే ప్రతి సేవనూ లినక్స్ భాషలోకి అప్పటికప్పుడు మార్చి అందించే ఈ అనువాద పొర 2018లో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం దాని మీదనే ఆధారపడి, వేలాది పాత విండోస్ ఆటలను నడిపింది. అంతకంటే ముఖ్యంగా, ఏ ఆట ఈ యంత్రంలో ఏ మేరకు నడుస్తుందో పరీక్షించి ఆ ఆట పేరు పక్కనే గుర్తు వేసే పద్ధతిని వాల్వ్ ప్రవేశపెట్టింది. పీసీ ప్రపంచంలో చిరకాలంగా కొరవడిన పూచీ అది. 2025 నవంబరులో ఆ సంస్థ ప్రకటించిన కొత్త స్టీమ్ మెషీన్ ఇటువంటి ఒకే ఒక్క పెట్టె: ఆరు కోర్ల ఏఎండీ ప్రాసెసర్, 16 గిగాబైట్ల మెమరీ, గ్రాఫిక్స్‌కు విడిగా మరో 8 గిగాబైట్లు, కంట్రోలర్ మీట నొక్కగానే టీవీతో సహా మేలుకునే ఏర్పాటు. అయితే ధరలో తాము కన్సోళ్ళ వలె నష్టం భరించబోమని, సమాన శక్తి గల పీసీ ధరే దీనికీ ఉంటుందని వాల్వ్ ముందే సూచించింది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల అదే కాలంలో మెమరీ ధరలు ఎగబాకడం ఈ పెట్టెకు కీడు చేసే పరిణామం. మోసగాళ్ళను పట్టుకోవడానికి విండోస్ లోతుల్లోకి చొరబడే కాపలా ప్రోగ్రాములపై ఆధారపడిన వాలరెంట్ వంటి పోటీ ఆటలు లినక్స్‌లో నడవకపోవడం మరో లోటు. యువకులు ఇష్టపడే ఆటల్లో ఇటువంటివీ ఉన్నాయి కనుక ఈ లోటు చిన్నది కాదు.

ఎదుటి పక్షం నుంచి కూడా అడుగులు ఇటే పడుతున్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక, 6,870 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఆటల సంస్థ యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను 2023 అక్టోబరులో సొంతం చేసుకున్న ఆ సంస్థ, తన ఆటలను ఎక్స్‌బాక్స్‌కే పరిమితం చేయడం మానుకుంది. 2025 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ పేరుతో వచ్చిన చేతి యంత్రం లోపల నడిచేది విండోసే. తెర మీద మాత్రం కన్సోల్ రూపం కనిపిస్తుంది. కన్సోల్‌ను తయారుచేసినవారే దాన్ని పీసీలో కలిపేయడానికి సిద్ధపడుతున్నప్పుడు, పోటీ అన్న మాటకే అర్థం మారిపోతుంది.

భారతదేశంలో ధరల లెక్క ఈ కలయికకు కొంత అనుకూలం. కంప్యూటర్లపై దిగుమతి సుంకాన్ని ఎత్తివేసే అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ 1997లోనే చేరింది. వీడియో గేమ్ కన్సోళ్ళపై సుంకాన్ని మాత్రం 2018 బడ్జెట్‌లో 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. ఈ తేడా ఎంత బలమైనదో సోనీకి బాగా తెలుసు: 2000 సంవత్సరంలో ఐరోపాలో ప్లేస్టేషన్ 2ను అమ్మినప్పుడు, దానితో ప్రోగ్రాములు రాసుకునే చిన్న సాధనాన్ని జతచేసి, దాన్ని ఆట వస్తువుగా కాక కంప్యూటర్‌గా గుర్తింపజేసుకోవడానికి ప్రయత్నించింది. 2021 ఫిబ్రవరిలో భారత్‌కు వచ్చిన ప్లేస్టేషన్ 5 ధర అప్పట్లో 49,990 రూపాయలు, సోనీ సొంత కొత్త ఆటల ధర ఒక్కోటి 4,999 రూపాయల వరకు ఉండేది. పీసీలో ఆటలు తరచూ తగ్గింపు ధరలకు దొరుకుతాయి, యంత్రం మార్చినా పాతవి పోవు. అంతకు మించి, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి అంత ఖరీదైన ఆట వస్తువు కొనడానికి జంకే తల్లిదండ్రులు, పగలు ప్రోగ్రామింగ్‌కూ ప్రాజెక్టు పనికీ ఉపయోగపడే కంప్యూటర్‌కు అదే మొత్తం ఖర్చుపెట్టడానికి వెనుకాడరు. ఈ రెండు ప్రయోజనాల లక్షణమే ఇక్కడ పీసీకి ఉన్న అసలు బలం, టీవీ కింద చేరిన తర్వాత కూడా కీబోర్డు తగిలించగానే అది నిలుపుకోవలసిన గుణం.

ఆడేవారి సంగతి ఇలా ఉండగా, ఆటలు తయారుచేసేవారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదలై, పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా పేరు పొందింది. అది సోనీ ప్రచురణగా, సోనీ అనుమతితోనే బయటికి రాగలిగింది, ఎందుకంటే కన్సోల్ ద్వారం తాళం ఎప్పుడూ దాని యజమాని చేతిలోనే ఉంటుంది. స్టీమ్ 2017 నుంచి అమలు చేస్తున్న పద్ధతిలో ఆటకు 100 డాలర్ల రుసుము కట్టి, మౌలికమైన తనిఖీలు దాటితే ఎవరైనా తమ ఆటను అక్కడ అమ్మవచ్చు; అనకాపల్లిలో ఒక గదిలో కూర్చుని నలుగురు స్నేహితులు చేసిన తెలుగు ఆట, వారి పక్కింటి హాలులోని టీవీ మీదికి ఏ కన్సోల్ యజమానినీ అడగకుండా చేరగలిగేది ఆ పక్కింట్లో పీసీ ఉన్నప్పుడే.