మీటరు చెంత మెలకువ

తూర్పు కనుమలకు విద్యుత్తు క్రొత్త చుట్టము కాదు. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రముల పొలిమేరయందు డుడుమ జలపాతపు బలిమి నాశ్రయించి నిర్మింపబడిన మాచ్‌ఖండ్ కేంద్రము 1955లోనే ఉత్పత్తి నారంభించెను. పిదప సీలేరు నదిపై వెలసిన కేంద్రములలో దిగువ సీలేరు ఒక్కటియే 460 మెగావాట్ల సామర్థ్యము కలది. నేడు అరకు లోయలోని వసతిగృహములకును, కాఫీ పండ్ల తోలు తీయు యంత్రములకును, కొండవాలుల గూడెములకును 11 కిలోవోల్టుల తీగల వెంట విద్యుత్తు వచ్చి, ట్రాన్స్‌ఫార్మరు వద్ద తగ్గి, వాడుకలోనికి దిగుచున్నది. ఆ వాడుకను లెక్కించు మీటరును అమర్చువారి క్షేమమును గూర్చి మాత్రము మనము తలంచుట అరుదు.

సామాన్యపు ఇంటిలో ప్రవాహమంతయు మీటరు గుండానే పోవును. వాడుక పెద్దదైనచోట సి.టి. అని పనివారు పిలుచు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, ఉదాహరణకు 100 ఆంపియర్లను 5 ఆంపియర్లుగా తగ్గించి మీటరునకు అందించును. ఆ సన్నని తీగలను చూచి అపాయము లేదనుకొనుట పొరపాటు. ప్రధాన తీగలో ప్రవాహము సాగుచుండగా సి.టి. నుండి మీటరునకు వచ్చు తీగను విప్పినచో, తెరచుకొన్న కొసల నడుమ ప్రాణాంతకమైన వోల్టేజి పుట్టును. కావున సరఫరా నిలిపి పనిచేయుటయే ఉత్తమము. నిలుపుటకు వీలుపడనపుడు, టెస్టు బ్లాకులోని లింకులతో సి.టి. కొసలను షార్టు చేసి, మీటరులో కరెంటు సున్నయైనదని చూచుకొనిన పిమ్మటనే తీగ విప్పవలెను.

11 కిలోవోల్టుల మీటరు వద్ద నియమము మరింత కఠినము. సబ్‌స్టేషనునుండి ఎల్.సి. (లైన్ క్లియర్) అను అనుమతి తీసికొని, ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్చి తెరచి తాళము వేసి, పరీక్షాసాధనమును మొదట విద్యుత్తున్న తావునను, పిదప పనిచేయవలసిన తీగపైనను, మరల విద్యుత్తున్న తావునను చూచి, ఇరువైపుల ఎర్తింగు చేసిన తరువాతనే చేయి వేయవలెను. దీపము ఆరినంత మాత్రమున తీగ నిర్జీవమైనదని నమ్మరాదు. ఏలయన, సరఫరా తీగనుండి జనరేటరును వేరుచేయు చేంజోవరు స్విచ్చి లేక నడపిన వసతిగృహపు జనరేటరు విద్యుత్తు, అదే ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనుకకు పోయి 11 కిలోవోల్టులను తీగపై నిలుపగలదు.

మన్యపు శీతోష్ణములు వేరొక జాగ్రత్తను కోరును. వర్షపు నీరు తీగ వెంబడి జారి లోనికి దిగకుండ, కేబులును పెట్టెకు అడుగునుండి చొప్పించి, రంధ్రమును బిగుతుగా మూయవలెను. వదులైన మర వేడెక్కి పెట్టెనే కాల్చును గనుక టెర్మినళ్ళను సరిచూచుచుండవలెను. రాతినేలలో ఎర్తు నిరోధము హెచ్చుగా నుండును. ఒక్క గొట్టము చాలనిచోట మరికొన్ని నాటి కలుపవలెను, నిరోధమును కొలిచి చూడవలెను. కాఫీతోటల సిల్వర్‌ఓక్ కొమ్మలు తీగలపై విరిగిపడు గాలివానల పిదప ఈ తనిఖీ మరింత అవసరము.

పాఠకులు చేయదగినది స్వల్పము, కాని విలువైనది. మీటరు సీలును మీరు విప్పకుడు. జనరేటరునకు చేంజోవరు స్విచ్చి తప్పక పెట్టింపుడు. లోపము కనబడినచో 1912కు తెలుపుడు. స్తంభముపై నున్న లైన్‌మన్‌ను తొందరపెట్టకుడు. కొంచెము ఆలస్యముగా వెలిగిన దీపము వలన ఎవరికిని నష్టము లేదు.