పాత వీడియో గేమ్ పెట్టె మళ్ళీ కొనవచ్చునా?

తాను చిన్ననాట ఆడిన ఆటను తన బిడ్డకు నేర్పాలని ప్రతి తండ్రికీ ఉంటుంది. చిర్రగోనె, గోళీలు, బొంగరము ఆ విధముగానే ఒక తరము నుండి మరొక తరమునకు వచ్చినవి. 1990లలో బడికి వెళ్ళినవారి జ్ఞాపకాలలో ఇంకొక ఆట కూడా ఉన్నది. అది టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్. ఆ పిల్లలే నేడు తల్లిదండ్రులు. పత్తి డబ్బులు చేతికి వచ్చి లింగాల ఘనపూర్ నుండి జనగామ బజారుకు వెళ్ళినప్పుడో, ఫోనులో వస్తువులు చూస్తున్నప్పుడో, ఆ పాత పెట్టెను పోలిన కొత్త పెట్టె వారి కంటబడుతుంది. "ఇది కొని పిల్లలకిస్తే ఫోను వదులుతారేమో" అని ఆశ పుడుతుంది. కష్టపడి సంపాదించిన డబ్బు గనుక, కొనేముందు నాలుగు సంగతులు తెలిసికొందాము.

అసలు పెట్టె కథ

1983 జూలైలో జపాను దేశపు నింటెండో కంపెనీ ఫ్యామిలీ కంప్యూటర్ అనే ఆట యంత్రమును విడుదల చేసినది. 1985లో అది వేరొక రూపములో అమెరికాలో ప్రవేశించినది. మన చిన్న పట్టణాలకు వచ్చినవి చాలామట్టుకు దానికి నకళ్ళే. పెట్టె మీద పేరు ఏదైనా, క్యాసెట్టు గుచ్చితే వచ్చేవి అవే ఆటలు: మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, తుపాకితో బాతులను కొట్టే ఆట. క్యాసెట్టు మీద లక్షల ఆటలని వ్రాసినా, లోపల ఉన్నవి కొన్నే. అవే పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి.

జనగామ జిల్లాగా ఏర్పడినది 2016 అక్టోబరులో. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే నింటెండో తన పాత యంత్రమును అరచేతిలో పట్టేంత చిన్నదిగా చేసి మళ్ళీ అమ్మకానికి పెట్టినది. అందులో 30 ఆటలు ముందే నింపి ఉన్నవి, అమెరికాలో ధర 60 డాలర్లు. జనము ఎగబడి కొన్నారు. అయినను దానిలో లోపాలు లేకపోలేదు. చేతిలో పట్టుకొనే రిమోట్ ఒకటే ఇచ్చారు. దాని తీగ రెండున్నర అడుగులే. కొత్త ఆటలు వేసుకొనే వీలు కంపెనీ ఇవ్వలేదు. 2017లో వచ్చిన రెండవ యంత్రములో 21 ఆటలు, రెండు రిమోట్లు ఇచ్చి, తీగను సుమారు ఐదు అడుగులు చేశారు. 2018 డిసెంబరులో సోనీ కంపెనీ కూడా తన ప్లేస్టేషన్‌ను 20 ఆటలతో 100 డాలర్లకు తెచ్చినది. కొన్ని ఆటలు నెమ్మదిగా నడిచే ఐరోపా రకము కావడముతో కొన్నవారు నిరుత్సాహపడ్డారు. కొద్ది వారాలలోనే ధర బాగా పడిపోయినది. పేరున్న కంపెనీ చేసినంత మాత్రాన ప్రతి పాత వస్తువూ కొనదగినది కాదని దీనివలన తెలుస్తున్నది.

మన బజారులో దొరికేవి

ఈ అసలు యంత్రాలు మన వైపు దుకాణాలలో సాధారణముగా కనబడవు. కనబడేవి రెండు రకాలు. ఒకటి చేతిలో పట్టుకొని ఆడే "400 ఆటల" చిన్న పెట్టె. రెండవది టీవీకి గుచ్చే పుల్లవంటిది. దానిలోని మెమరీ కార్డులో వేల ఆటలు ఉన్నవని చెబుతారు. ధర తక్కువే. కానీ గట్టిదనము మీద ఆశ పెట్టుకోరాదు. మీటలు త్వరగా వదులవుతవి, మెమరీ కార్డు చెడితే ఆటలన్నీ పోతవి, బాగుచేసేవారు దొరకరు. పైగా ఆ ఆటల మీద హక్కులు వాటిని తయారుచేసిన కంపెనీలవే. అనుమతి లేకుండా నకలు తీసి అమ్మినవాటిని పిల్లల చేతిలో పెట్టేటప్పుడు మనస్సాక్షిని ఒకసారి అడగవలసి ఉన్నది.

ఇంటిలోని టీవీని కూడా చూసుకోవాలి. కంపెనీల చిన్న యంత్రాలకు, పుల్లవంటివాటికి హెచ్‌డీఎంఐ రంధ్రము కావాలి. పాత డబ్బా టీవీలో అది ఉండదు. బాతులను కొట్టే పాత తుపాకి కొత్త పలుచని టీవీ మీద పనిచేయదు. మీట నొక్కినప్పుడు తెర క్షణకాలము నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని వెలుగు వస్తుంది. తుపాకి దానిని పసిగడుతుంది. డబ్బా టీవీ ఆ వెలుగును వెంటనే చూపేది. కొత్త టీవీ బొమ్మను కొంచెము ఆలస్యముగా చూపుతుంది గనుక గురి సరిగా ఉన్నా తప్పినట్లే లెక్క.

మేలు లేదా?

ఒక పెద్ద మేలు ఉన్నది. పాత ఆటకు అంతము ఉన్నది. మూడు ప్రాణాలు పోతే ఆట ముగిసినట్లే. నేడు ఫోనులో ఉచితముగా వచ్చే అనేక ఆటలు ఎన్నటికీ ముగియవు. మధ్యమధ్య ప్రకటనలు చూపుతవి, ముందుకు పోవడానికి డబ్బు అడుగుతవి. పందెము కాసే ఆటలైతే కొంపలే కూల్చినవి. అందుకే తెలంగాణ ప్రభుత్వము 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసినది. ఇంటర్నెట్ లేని పాత రకము పెట్టె ఎవరి బ్యాంకు ఖాతా జోలికీ పోదు.

రెండవ మేలు, ఇద్దరు కలిసి ఆడవచ్చును. కాంట్రాలో ఒకరికొకరు తోడు రాకపోతే ముందుకు సాగడము కష్టము. అయితే తండ్రి పక్కన కూర్చుంటేనే ఈ మేలు దక్కుతుంది. పెట్టె కొనిచ్చి పెద్దలు తమ ఫోనులో మునిగితే, పది రోజులలో అది అటకెక్కుతుంది. పిల్లవాడు మళ్ళీ ఫోను అడుగుతాడు.

కాబట్టి మా సలహా ఇది. అప్పు చేసిగానీ, బడి ఫీజు ఆపిగానీ కొనవద్దు. ముందు బంధువుల ఇంటిలో ఉంటే ఒక సాయంత్రము ఆడించి చూడండి. కొంటే దుకాణములోనే టీవీకి తగిలించి, రెండు రిమోట్లూ పనిచేయుచున్నవో లేదో పరీక్షించండి. ఆటల సంఖ్య చూసి మోసపోవద్దు. మీ పిల్లలతో నిజముగా ఆడగల ఆటలు నాలుగు ఉన్నా చాలును. వారానికి రెండు గంటలు వారి పక్కన కూర్చొనే వీలు మీకున్నదా అని చూసుకోండి. వీలుంటే ఆ పెట్టె దండుగ కాదు. లేకుంటే ఆ డబ్బుతో ఒక మంచి క్యారమ్ బోర్డు కొనండి. కరెంటు పోయినా, వాకిట్లో తాతయ్య, అమ్మమ్మ కూడా చేరి ఆడుకొందురు.