మందు, గుండు, గురి

వేసవి సెలవులలో స్వదేశం నుండి బంధువులు వచ్చినప్పుడు వారిని నయాగరా జలపాతానికి తీసుకొని వెళ్ళడం ఆంటారియోలోని తెలుగు కుటుంబాలకు ఒక ఆచారమైపోయింది. జలపాతం చూసి, ఫోటోలు తీసుకొని, వెంట తెచ్చుకొన్న పులిహోర తిని వెనుదిరిగేవారే ఎక్కువ. అక్కడి నుండి నది వెంబడి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు పోతే నయాగరా ఆన్ ది లేక్ అనే ఊరు వస్తుంది. ఆ ఊరి అంచున ఫోర్ట్ జార్జి అనే పాత కోట ఉంది. వేసవిలో అక్కడ ఎర్రకోటు ధరించిన పార్క్స్ కెనడా ఉద్యోగులు 1812 నాటి తుపాకులను దట్టించి, గుండు లేకుండా ఉత్త మందుతో పేల్చి చూపిస్తారు.

ఒకసారి మా నాన్నగారితోను, మా అన్నయ్య కుమారుడితోను కలిసి ఆ ప్రదర్శన చూశాను. పొగ తేలిపోయిన తరువాత పిల్లవాడు అడిగాడు: "బాబాయ్, వాళ్ళు ఇంకా ఎక్కువ మందు పోస్తే గుండు ఇంకా దూరం పోతుంది, ఇంకా బాగా తగులుతుంది కదా?" నేను తొందరపడి "అవును" అన్నాను. మా నాన్నగారు నవ్వి, "మేమూ చిన్నతనంలో అలాగే అనుకొని ఎన్నో సిసింద్రీలు పాడుచేశాంరా" అన్నారు. నేను చెప్పిన ఆ "అవును" ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు ఒక శరత్కాలం పట్టింది. ఆ తెలుసుకొన్న సంగతులనే చదువరుల ముందు ఉంచుతున్నాను.

మన భాషలోని మాట, మన దేశపు సరుకు

తెలుగులో "మందుగుండు" అనే మాట ఉంది. మందు వేరు, గుండు వేరు అయినా, రెండూ కలిస్తేనే పని జరుగుతుందని ఆ సమాసమే చెబుతున్నది. ఏ తుపాకికి ఎంత మందు, ఎటువంటి గుండు సరిపోతాయో కనుగొనడమే ఈ వ్యాస విషయం.

ఫోర్ట్ జార్జి సైనికుల చేతిలోని తుపాకికి "ఇండియా ప్యాటర్న్" అని పేరు. మొదట ఈస్టిండియా కంపెనీ సేనల కోసం తయారైన ఆ నమూనాను 1790లలో బ్రిటిష్ సైన్యం కూడా స్వీకరించింది. ఇక మందు విషయానికి వస్తే, అందులో నూటికి సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. ఆ రోజులలో బ్రిటన్ సూరేకారంలో అధికభాగం బెంగాలు, బీహారు ప్రాంతాల నుండి ఓడలలో వెళ్ళినదే. అంటే కెనడా సరిహద్దులో పేలిన మందులో మన దేశపు మట్టి నుండి తీసిన ఉప్పు ఉన్నదన్నమాట. ఆ కోటలో 1796లో కట్టిన మందుకొట్టు ఒక్కటే నేటికీ నిలిచి ఉన్న అసలు కట్టడం కావడం గమనార్హం.

గొట్టం లోపల జరిగేది

సూరేకారం ప్రాణవాయువును అందిస్తుంది. బొగ్గు ఇంధనం. గంధకం మంట త్వరగా అంటుకొనేటట్లు చేస్తుంది. మందు కాలినప్పుడు దాని బరువులో సగానికి తక్కువ భాగమే వాయువుగా మారుతుంది. మిగిలినది పొగగా, మసిగా, గొట్టం లోపల అంటుకొనే గట్టి పొరగా మిగిలిపోతుంది. గుండును నెట్టేది ఆ వేడి వాయువుల పీడనమే.

మందు పలుకుల పరిమాణం కూడా ముఖ్యమే. సన్నపలుకు మందు త్వరగా కాలి పీడనాన్ని త్వరగా పెంచుతుంది. ముతకపలుకు మందు నెమ్మదిగా కాలుతుంది. అందువలననే పెద్ద గొట్టాలకు ముతకది, చిన్న గొట్టాలకు సన్ననిది వాడతారు. చెకుముకి తుపాకికి పక్కనున్న చిన్న గిన్నెలో పోసే రంజకం అన్నిటికన్నా సన్ననిది.

మందును కొలిచే ప్రమాణం "గ్రెయిన్". 7,000 గ్రెయిన్లు ఒక పౌను. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ ఉంటుంది. ఇంత చిన్న కొలతలోని తేడా గురిలో కనిపిస్తుందంటే ఆశ్చర్యమే.

కడలూరు సమీపంలో కన్నుమూసిన శాస్త్రజ్ఞుడు

మందు పెంచితే ఏమవుతుందో మొదటిసారి సరిగా కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. 1742లో ఆయన తుపాకి శాస్త్రాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. బరువైన లోలకాన్ని వేలాడదీసి, దానికి తగిలించిన చెక్కలోకి గుండును కాల్చి, లోలకం ఎంత దూరం ఊగిందో ఒక రిబ్బను సాయంతో కొలిచి, దాని నుండి గుండు వేగాన్ని లెక్కకట్టాడు. కంటికి కనిపించని వేగాన్ని కంటికి కనిపించే ఊపుగా మార్చడం ఆయన ప్రతిభ. ప్రసిద్ధ గణితవేత్త ఆయిలర్ ఆ గ్రంథాన్ని 1745లో జర్మను భాషలోకి అనువదించాడు.

గాలి నిరోధం స్వల్పమని అంతకు ముందు పలువురు భావించేవారు. వేగంగా పోయే గుండుపై గాలి చూపే నిరోధం గుండు బరువుకు వంద రెట్ల దాకా ఉండగలదని రాబిన్స్ కొలతలు తెలిపాయి. ధ్వనివేగం సెకనుకు సుమారు 1,100 అడుగులు. దానిని మించి పోయే గుండును గాలి మరింత బలంగా పట్టి లాగుతుంది. గుండ్రని సీసపు గుండు సెకనుకు 1,800 అడుగుల వేగంతో బయలుదేరినా, వంద గజాలు పోయేసరికి అందులో చాలా భాగం కోల్పోతుంది.

ఇక్కడే నా "అవును"లోని తప్పు బయటపడుతుంది. మందు రెండింతలు చేసి, గుండుకు అందే శక్తి కూడా రెండింతలయిందనుకొన్నా, వేగం 1.41 రెట్లే పెరుగుతుంది. వాస్తవంలో అంత కూడా పెరగదు. ఎక్కువైన మందును కూడా గొట్టం వెంబడి నెట్టవలసి వస్తుంది. గుండు మూతి దాటిన తరువాత కాలే మందు వృథా. పైగా పెరిగిన వేగంలో కొంత భాగాన్ని గాలి తినివేస్తుంది. తుపాకి వెనుకకు తన్నే తన్ను మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

రాబిన్స్ తరువాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన కోరమాండల్ తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు.

గుడ్డముక్క చేసే పని

నున్నని గొట్టం గల తుపాకిలో గుండు వదులుగా ఉంటుంది. ఇండియా ప్యాటర్న్ గొట్టం వ్యాసం 0.75 అంగుళం కాగా, గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. గొట్టం గోడలకు తగులుతూ బయటపడే గుండు ఏ వైపు తిరుగుతుందో చెప్పలేము. స్పిన్ బౌలరు వేసిన బంతి గాలిలోనే పక్కకు తేలిపోయినట్లు, అది ఒక్కొక్కసారి ఒక్కొక్క దిక్కుకు వంగిపోతుంది. గొట్టం లోపల మెలికలుగా గాడులు చెక్కితే గుండు తన దారినే ఇరుసుగా చేసుకొని బొంగరంలా తిరుగుతూ స్థిరంగా పోతుందని రాబిన్స్ 1747లో రాయల్ సొసైటీకి వివరించాడు. అటువంటి గాడులున్నదే రైఫిల్.

మూతి నుండి దట్టించే రైఫిల్‌లో గుండు నేరుగా గాడులను పట్టుకోదు. గొట్టం 0.50 అంగుళం అయితే గుండు 0.49 అంగుళం ఉంటుంది. అది సుమారు 177 గ్రెయిన్ల మెత్తని సీసం. మిగిలిన సందును కొవ్వు పూసిన నూలు గుడ్డముక్క నింపుతుంది. గాడులను పట్టుకొని గుండును తిప్పేది, వేడి వాయువులు ముందుకు తప్పించుకోకుండా ఆపేది ఆ గుడ్డముక్కే. గుడ్డ చిరిగినా, కాలినా గురి పోయినట్లే.

ఒక శనివారం పాఠం

మా కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషికి ఇటువంటి చెకుముకి రైఫిల్ ఉంది. నా కుతూహలం చూసి ఆయన ఒక శనివారం నన్ను తన షూటింగ్ క్లబ్బుకు తీసుకొని వెళ్ళాడు. ఆయన మొదట తీసినది తుపాకి కాదు, నోటుపుస్తకం.

ఆయన పద్ధతి ఇది. గుండు, గుడ్డముక్క, కొవ్వు, మందు రకం ఏవీ మారవు. మందు పరిమాణం ఒక్కటే మారుతుంది. గొట్టం తయారుచేసినవారి పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ పరిమాణమైన 50 గ్రెయిన్లతో మొదలుపెట్టి, ఐదేసి గ్రెయిన్ల చొప్పున పెంచుతూ పోవాలి. ఆ పుస్తకంలోని గరిష్ఠ పరిమాణం ఎన్నడూ దాటరాదు. తుపాకిని ఇసుక సంచులపై ఆనించి, 50 గజాల దూరంలోని కాగితంపై ఒక్కొక్క కొలతకు ఐదు గుండ్లు కాల్చాలి. ప్రతి గుండుకు ముందు గొట్టాన్ని తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. లేకపోతే పేరుకొన్న మసి ఐదవ గుండును మొదటి గుండులా ఉండనివ్వదు.

50 గ్రెయిన్ల వద్ద రంధ్రాలు చిన్న సాసరంత మేర చెదిరాయి. 65 వద్ద మొదటి మూడు ఒకదానికొకటి తగులుతున్నంత దగ్గరగా పడ్డాయి. నేను ఆనందంతో "దొరికింది!" అన్నాను. ఆయన ఏమీ అనకుండా మిగిలిన రెండూ కాల్చాడు. రెండూ దూరంగా పడ్డాయి. మన పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నది ఇదే. కాకి వాలిందని తాటిపండు రాలలేదు. మూడు గుండ్లు కలిసి పడినంత మాత్రాన కొలత సరియైనదని రుజువు కాదు. 70 వద్ద ఐదూ టీకప్పు మూతిలో ఇమిడాయి. మరొక కాగితం మార్చి మళ్ళీ ఐదు కాల్చినా అలాగే ఇమిడాయి. అప్పుడు మాత్రమే ఆయన నోటుపుస్తకంలో ఆ అంకె కింద గీత గీశాడు.

విచిత్రమేమంటే, ఆ పది గుండ్లూ నల్లచుక్కకు ఎడమవైపు దిగువన పడ్డాయి. నాకు అది లోపంగా కనిపించింది. ఆయన మాత్రం గుంపు ఒకచోట పడడమే ముఖ్యమని, దానిని చుక్క మీదికి జరపడం గురిచూసే పలకను కొంచెం కదిపితే అయ్యే పని అని చెప్పాడు. చెదిరిన గుండ్లలో ఒకటి చుక్కకు తగిలినా దాని వల్ల ప్రయోజనం లేదు.

నా కోరికపై 90 గ్రెయిన్లతో కూడా కాల్చాడు. అది ఆ గొట్టపు హద్దులోనిదే. చప్పుడు పెరిగింది, భుజానికి తన్ను పెరిగింది, గుండ్లు భోజనపు పళ్ళెమంత మేర చెదిరాయి. కారణం చెప్పమంటే ఆయన తుపాకి ముందు కొన్ని గజాల దూరంలో గడ్డిపై పడిన గుడ్డముక్కలను ఏరుకొని రమ్మన్నాడు. కాల్పులు ఆపి, అందరూ తుపాకులు దించిన తరువాతనే వెళ్ళి తెచ్చాను. 70 నాటి ముక్కలు మధ్యలో నల్లబడి, అంచులు చెదరకుండా ఉన్నాయి. 90 నాటి వాటిలో కాలిన రంధ్రాలున్నాయి. ఇంకా మందమైన గుడ్డ వాడితే 90 కూడా కుదరవచ్చునని, కాని అప్పుడు లెక్క మళ్ళీ మొదటి నుండి ప్రారంభించాలని ఆయన అన్నాడు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎన్నటికీ తెలియదు.

ప్రాణానికి సంబంధించిన మాటలు

ఆ రోజు ఆయన మూడు సంగతులు పదే పదే చెప్పాడు. మొదటిది, ఇటువంటి తుపాకిలో నల్లమందు, లేదా దానికి బదులుగా ప్రత్యేకంగా తయారుచేసినది మాత్రమే వాడాలి. ఆధునిక పొగలేని మందు పోస్తే గొట్టం బద్దలై మనిషి చేతులు, కళ్ళు, ప్రాణం పోవచ్చు. రెండవది, గుండు మందుపై గట్టిగా ఆని ఉండాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే దట్టించే కడ్డీపై ఆయన ఒక గీత గీసుకొన్నాడు. గీత మూతి దగ్గరకు రాకపోతే కాల్చడు. మూడవది, మందు పాత్ర నుండి నేరుగా గొట్టంలో పోయరాదు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోని పాత్ర అంతా పేలుతుంది. వేరే కొలపాత్రలో కొలిచే పోయాలి.

సీసం విషపదార్థం కనుక చేతులు కడుక్కోనిదే ఏమీ తినరాదు. నల్లమందు మసి తేమను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది కనుక ఆ సాయంత్రమే గొట్టాన్ని వేడి సబ్బునీటితో కడగాలి. కెనడా చట్టం చెకుముకి రైఫిళ్ళ కొత్త నమూనాలను పురాతన ఆయుధాలుగా పరిగణించినా, టోపీతో పేలే రకపు కొత్త నమూనాలకు లైసెన్సు తప్పనిసరి. చట్టం ఏ పేరు పెట్టినా గుండు చేసే గాయం ఒక్కటే.

పిల్లవాడికి ఇచ్చిన జవాబు

మరుసటి ఆదివారం మా అన్నయ్య ఇంటికి వెళ్ళి, "నేను చెప్పింది తప్పురా" అని పిల్లవాడికి ఆ కాగితాలు చూపించాను. వాడు వాటిని వరుసగా నేలపై పరిచి, చాలాసేపు చూసి, "మరి 70 అని ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ముందే తెలియదని, ఒకే కర్మాగారంలో తయారైన రెండు రైఫిళ్ళకు కూడా వేర్వేరు అంకెలు కుదరవచ్చునని, ప్రతి తుపాకినీ విడిగా అడిగి తెలుసుకోవలసిందేనని చెప్పాను.

ఈ పరీక్షకు తుపాకి అవసరం లేదు. ఒక చెంచా, ఒక రబ్బరుబ్యాండు, ఒక కాగితపు ఉండ చాలు. చెంచాను ఎంత వెనుకకు వంచాలో స్కేలుతో కొలిచి, ఒక్కొక్క కొలతకు ఐదుసార్లు విసిరి, ఉండ పడిన చోట్లను గుర్తించమని మీ పిల్లలకు చెప్పండి. మావాడు ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. నాలుగవ కొలత వద్ద మూడు ఉండలు ఒకేచోట పడగానే మా నాన్నగారు "దొరికిందిరా!" అన్నారు. వాడు తల ఎత్తకుండానే, "ఇంకా రెండు ఉన్నాయి తాతయ్యా" అన్నాడు.