సముద్రం చూడని నేవీ

లండన్ యూస్టన్‌లో రైలెక్కితే గంటలోపే బ్లెచ్లీ. స్టేషన్ దాటి నాలుగడుగులేస్తే పాత భవంతి, దాని ముందు పచ్చిక, చిన్న చెరువు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలను బ్రిటన్ విప్పిన బ్లెచ్లీ పార్క్ ఇదే. వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడ సంకేతాలు ఛేదించిన అలన్ ట్యూరింగ్ పేరు తలుచుకుంటూ వస్తారు. తప్పు లేదు. కానీ 1945 నాటికి బ్లెచ్లీ పార్క్‌లోనూ, దాని అనుబంధ కేంద్రాల్లోనూ దాదాపు 9 వేలమంది పనిచేసేవారు. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. వాళ్ల యుద్ధం సంగతి తెలియాలంటే భవంతి వదిలేసి షెడ్ల వైపు నడవాలి.

'రెన్స్' అంటే బ్రిటిష్ నేవీ మహిళా విభాగం వాళ్లు. ఓడలూ రేవులూ చూడొచ్చని చేరిన ఇరవై ఏళ్ల లోపు పిల్లలు ఎందరో. తీరా పంపింది ఏ తీరానికీ దగ్గర కాని ఈ ఊరికి! కాగితాల్లో వాళ్లు 'హెచ్ఎంఎస్ పెంబ్రోక్ ఫైవ్' సిబ్బంది. ఆ పేరుతో ఏ నీళ్ల మీదా ఓడ లేదు.

జర్మన్లు సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం అమరిక రోజూ మారేది. దాన్ని పట్టుకునే యంత్రం పేరు బాంబే. నిలువెత్తు ఇనప బీరువా అనుకోండి, బరువు సుమారు టన్ను. ముందువైపు 108 డ్రమ్ములు, వెనకవైపు చిక్కుపడ్డ జడల్లా తీగలు. 'మెనూ' అనే కాగితం చూసి తీగలు గుచ్చి, డ్రమ్ములు అమర్చి, యంత్రం ఆగినప్పుడల్లా అక్షరాలు రాసుకోవాలి. డ్రమ్ము వెనక సన్నని తీగ బ్రష్షులుండేవి. రెండు పోగులు తగులుకుంటే షార్ట్ సర్క్యూటే. అందుకని చిన్న పట్టకారుతో ఒక్కో పోగూ విడదీసేవాళ్లు. చెవులు దిబ్బళ్లుపడే మోత, చొక్కా చేతుల నిండా నూనె మరకలు, ఎనిమిది గంటలు నిలువుకాళ్ల మీద. అర్ధరాత్రి ఎక్కిన షిఫ్టు పొద్దున ఎనిమిదికి దిగేది. బాంబేలున్న పదకొండో నంబరు షెడ్డుకు వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు నరకం.

నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. ఆరో షెడ్డులో విప్పిన సందేశాలు మూడో షెడ్డుకు చేరాలి. మధ్యలో చెక్కతో చిన్న సొరంగం కట్టారు. కాగితాల ట్రేని చీపురుకర్రతో అవతలికి తోసేవాళ్లు. హిట్లర్ సైన్యం గుట్టంతా చీపురుకర్ర మీద నడిచిందన్నమాట!

పక్క షెడ్డులో ఏం జరుగుతోందో అడగకూడదు. తను తిప్పిన డ్రమ్ము ఏ ఓడను కాపాడిందో ఆ అమ్మాయికి తెలిసేది కాదు. ఇంట్లో అడిగితే ఏదో ఆఫీసు పని అనేవారు. 1974లో ఈ గుట్టు బయటపెట్టిన వింటర్‌బోథమ్ పుస్తకం వచ్చాకే నోళ్లు పెగిలాయి. అప్పటికి కొందరి అమ్మానాన్నలు, కూతురు యుద్ధంలో టైపింగ్ చేసిందనుకుంటూనే కన్నుమూశారు.

యుద్ధం ముగిశాక బాంబేలను విప్పే పనీ రెన్స్‌దే. అన్నాళ్లూ డ్రమ్ము చేజారితే మహాపరాధం. ఇప్పుడు అవే డ్రమ్ముల్ని నేలమీద దొర్లించి ఆడుకున్నారట.