సముద్రంలో చమురు దొరికితే పెట్రోలు ధర తగ్గుతుందా?



"సముద్రగర్భంలో భారీ చమురు నిక్షేపాలు" అనే వార్త అప్పుడప్పుడు పత్రికల్లో వస్తూనే ఉంటుంది. అది చదవగానే తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "అయితే పెట్రోలు ధర తగ్గుతుందా మేడమ్?" ప్రశ్న చిన్నదే. జవాబు కావాలంటే మాత్రం సముద్రం అడుగు నుంచి మన ఊరి బంకు వరకు ఆ చమురు వెంట వెళ్లాలి.

దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో గయానా అనే చిన్న దేశం ఉంది. జనాభా సుమారు 8 లక్షలు. ఒకప్పుడు మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లినవారి సంతతి అక్కడ చాలామంది ఉన్నారు. ఆ దేశ తీరానికి సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, లిజా అనే చోట చమురు దొరికిందని 2015 మే నెలలో ఎక్సాన్‌మొబిల్ సంస్థ ప్రకటించింది. అక్కడ నీటి లోతే 1,700 మీటర్లు దాటుతుంది. తర్వాత ఆ చుట్టుపక్కల మరెన్నో చోట్ల చమురు బయటపడింది. మొత్తం మీద 1,100 కోట్ల బ్యారెళ్లకు పైగా వెలికితీయవచ్చని అంచనా. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు.

2015లో దొరికిన చమురు 2019 డిసెంబరులో గాని బయటకు రాలేదు. అంటే నాలుగున్నరేళ్లు పట్టింది. లోతు సముద్రంలో అదే చాలా వేగంగా జరిగిన పని! నార్వేలోని యోహాన్ స్వెర్‌డ్రుప్ అనే పెద్ద క్షేత్రం 2010లో బయటపడితే, ఉత్పత్తి మొదలైంది 2019లో.

ఎందుకింత ఆలస్యం? ఒక బావిలో చమురు కనిపిస్తే సరిపోదు. అది ఎంత మేర విస్తరించి ఉందో తెలుసుకోవడానికి చుట్టూ మరికొన్ని బావులు తవ్వాలి. ఖర్చుకు తగిన రాబడి వస్తుందో లేదో లెక్క చూడాలి. ప్రభుత్వ అనుమతులు తీసుకోవాలి. ఆ తర్వాత సముద్రం అడుగున గొట్టాలు వేయాలి. అంత లోతులో కాళ్లు పాతి వేదిక కట్టడం కష్టం కనుక, చమురును, వాయువును, నీటిని వేరుచేసి చమురును నిల్వ ఉంచే ఒక పెద్ద ఓడను అక్కడ నిలపాలి. వార్త వచ్చిన మర్నాడే ధర తగ్గుతుందని ఆశపడటం "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టే.

ఇక పరిమాణం సంగతి. ప్రపంచం రోజుకు వాడే చమురు సుమారు 10 కోట్ల బ్యారెళ్లు. గయానాలో ఉన్న 1,100 కోట్ల బ్యారెళ్లను 10 కోట్లతో భాగించండి. వచ్చేది 110 రోజులు. అంత గొప్ప నిక్షేపం మొత్తం ప్రపంచానికి నాలుగు నెలలకు కూడా చాలదు. 2024లో గయానా రోజుకు సుమారు 6 లక్షల బ్యారెళ్లు తీసింది. ఆ దేశానికి అది జీవితాన్నే మార్చే సంపద. ప్రపంచ వాడకంలో మాత్రం నూటికి ఒక వంతు కన్నా తక్కువ.

పైగా పాత బావులు ఏటా కొంత కొంత తగ్గిపోతుంటాయి. అడుగున చిల్లు ఉన్న తొట్టిలో నీరు నింపుతున్నట్టు, కొత్త చమురులో చాలా భాగం ఆ లోటును పూడ్చడానికే సరిపోతుంది. అందుకే కొత్త క్షేత్రాల వల్ల ధర తగ్గడం కన్నా, అవి లేకపోతే పెరగవలసిన ధర పెరగకుండా ఆగడమే ఎక్కువసార్లు జరుగుతుంది.

ధరను కదిలించే చేతులు ఇంకా ఉన్నాయి. 2020లో కరోనా వల్ల వాహనాలు ఆగిపోయి ధర పడిపోయినప్పుడు, ఒపెక్ దేశాలూ రష్యా వంటి వాటి భాగస్వాములూ కలిసి రోజుకు 97 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి తగ్గించాలని నిర్ణయించాయి. ఒక్క ఒప్పందంతో తగ్గించిన చమురు, గయానా 2024లో రోజూ తీసిన దానికి పదహారు రెట్లు! అయితే కొత్త చమురు చాలా ఎక్కువగా వస్తే ధర నిజంగానే తగ్గుతుంది. 2010 తర్వాత అయిదేళ్లలో అమెరికా, నేల మీది షేల్ రాళ్ల నుంచి తీసిన చమురుతో, తన ఉత్పత్తిని రోజుకు దాదాపు 40 లక్షల బ్యారెళ్లు పెంచుకుంది. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్యారెల్ ధర 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి పడిపోవడానికి అదొక ముఖ్య కారణం.

మరి అప్పుడు మన బంకులో ధర అదే లెక్కన తగ్గిందా? లేదు. 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్ర ప్రభుత్వం ఎక్సైజ్ సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచింది. లీటరు పెట్రోలు ధరలో ముడిచమురు, శుద్ధి, రవాణా ఖర్చులతో పాటు కేంద్ర సుంకం, రాష్ట్ర వ్యాట్, డీలరు కమీషను ఉంటాయి. బదిలీల వల్ల ఊళ్లు మారే మీకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2024 చివర్లో లీటరు పెట్రోలు శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) సుమారు రూ.82, హైదరాబాదులో రూ.107కు పైనే. ప్రపంచ మార్కెట్లో ముడిచమురు ధర ఇద్దరికీ ఒకటే. తేడాలో పెద్ద భాగం పన్నులదే.

మన తెలుగు తీరం సంగతి కూడా చూద్దాం. కాకినాడ దగ్గరి సముద్రంలో, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఓఎన్‌జీసీ లోతు సముద్ర క్షేత్రం నుంచి 2024 జనవరిలో తొలిసారి చమురు వచ్చింది. గరిష్ఠంగా రోజుకు 45,000 బ్యారెళ్లు రావచ్చని అప్పటి అంచనా. మన దేశం రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైగా వాడుతుంది. కాబట్టి బంకులో ధర మారదు. అయినా ఆ చమురు విలువ తక్కువేమీ కాదు. బ్యారెల్ 80 డాలర్లు అనుకుంటే, రోజుకు 36 లక్షల డాలర్లు విదేశాలకు చెల్లించే పని తప్పుతుంది. మనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి అది నిజమైన లాభం.

పిల్లలూ, ఇకమీద చమురు దొరికిందన్న వార్త చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఎన్నేళ్లకు బయటకు వస్తుంది? ప్రపంచ వాడకంలో ఎన్నో వంతు? బంకుకు చేరేలోగా దాని ధర మీద ఎవరెవరి చేయి పడుతుంది? ఈ మూడింటికీ జవాబు వెతికితే పెద్ద శీర్షిక వెనుక ఉన్న అసలు లెక్క తెలుస్తుంది. సైకిలు మీద బడికి వస్తే మిగిలే పెట్రోలుకు మాత్రం ఇన్నేళ్లు ఆగనక్కర్లేదు. ఆ ఆదా ఆ రోజే ఇంట్లో కనిపిస్తుంది.